నోటికి కుదిరిన పండ్లు



ఈ అక్షరాలు బిగ్గరగా చదవండి.

త థ ద ధ న

ఇంకొకసారి చదవండి. నాలుక ఎక్కడ తగిలింది? పై పండ్ల వెనక తగిలింది. అందుకే ఈ అయిదు అక్షరాలను దంత్యాలు అంటారు. దంతం అంటే పన్ను.

ఇప్పుడు 'సకినం' అనండి. 'స' అనేటప్పుడు గాలి ముందు పండ్ల దగ్గర సన్నగా పోతుంది. ముందు పండ్లు లేనివాళ్ళు 'స' అంటే గాలి జారిపోతుంది. మాట తేటగా రాదు.

అంటే పండ్లు తిండికే కాదు. మాటకు కావాలి. చదువుకూ కావాలి.

చదువు కేంద్రానికి వచ్చే పెద్దవాళ్ళలో కొందరు మనసులోనే చదువుకుంటారు. పైకి చదవమంటే సిగ్గుపడతారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. వాళ్ళకు అక్షరాలు రాక కాదు. నోట్లో పండ్లు లేక.

పోయిన పండ్ల బదులు కట్టుడు పండ్లు పెట్టుకోవచ్చు. మనం 'పండ్ల సెట్టు' అంటాం. అది ఎట్ల తయారవుతుంది? ఎవరి దగ్గర కట్టించుకోవాలి? ఎట్ల కాపాడుకోవాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

పండ్లు పోతే ఏం పోతుంది?

పెద్దవాళ్ళ నోట్లో 32 పండ్లు ఉంటాయి. జ్ఞాన దంతాలు రానివాళ్ళకు 28 ఉంటాయి. ముందు పండ్లు 8. ఇవి కొరకడానికి. కోర పండ్లు 4. ఇవి చీల్చడానికి. మిగిలినవి దవడ పండ్లు. ఇవి నమలడానికి.

ఆదిలాబాద్ దిక్కు జొన్న రొట్టె తింటారు. కరీంనగర్ దిక్కు మక్క గటక తింటారు. సంక్రాంతికి సకినాలు చేసుకుంటారు. దవడ పండ్లు పోయినవాళ్ళు మొదట సకినాలు మానేస్తారు. తర్వాత జొన్న రొట్టె మానేస్తారు. ఆ తర్వాత పల్లీలు, శనగలు, ఆకుకూర, మాంసం ఒక్కొక్కటే మానేస్తారు. చివరికి మిగిలేది మెత్తటి అన్నం, చారు. లేకుంటే చాయ్‌లో ముంచిన బిస్కెట్.

కడుపు నిండినట్లే ఉంటుంది. కాని ఒంటికి బలం రాదు. రక్తం పట్టే తిండి తగ్గుతుంది. కాళ్ళు గుంజుతాయి. కొద్ది పనికే అలసట వస్తుంది. "వయసు మీద పడ్డది" అనుకుంటారు. కాని సగం కారణం నోట్లోనే ఉండవచ్చు.

ఇంకో సంగతి. పన్ను ఉన్నంత కాలం దవడ ఎముక దాన్ని పట్టుకొని ఉంటుంది. పన్ను పోతే ఆ ఎముకకు పని లేదు. అది మెల్లగా అరిగి తగ్గిపోతుంది. మొదటి ఏడాదిలోనే ఎక్కువ తగ్గుతుంది. బుగ్గలు లోపలికి పోయేది అందుకే. పక్క పన్ను ఖాళీ వైపు ఒరుగుతుంది. ఎదుటి పన్ను కిందికి దిగుతుంది. ఒక్క పన్ను పోయిందని ఊరుకుంటే మిగిలిన పండ్లు కూడా కదిలే ప్రమాదం ఉంది.

"పైసలు దండుగ బిడ్డా"

ఇట్లాంటి మాటలు చాలా ఇండ్లలో వినబడతాయి.

కోడలు: అత్తమ్మా, రొట్టె అట్లనే ఇడిసిపెట్టినవేంది?

అత్త: నమలొస్తలేదు బిడ్డా. కుక్కకన్న వెయ్యి.

కోడలు: పండ్ల డాక్టరు దగ్గరికి పోదాం. సెట్టు కట్టిద్దాం.

అత్త: ఈ వయసుల నాకు సోకులెందుకే? ఇంకెన్నేండ్లు బతుకుత? పైసలు దండుగ.

కోడలు: మామకు కండ్లద్దాలు తెచ్చినం. అది సోకా?

అత్త: అద్దాలు లేకుంటే ఆయనకు కనబడది గద.

కోడలు: పండ్లు లేకుంటే నీకు తినొస్తలేదు గద. ఎన్నేండ్లు బతికినా తినే బతకాలె.

అత్త: మరి బీడీలెవలు చేస్తరు? అయిదారుసార్లు తిరుగాలెనట. పోయిన రోజల్ల కూలి పాయె.

కోడలు: అది నిజమే అత్తమ్మా. అందుకే ముందే అడుగుదాం. ఎన్నిసార్లు రావాలె, ఏ రోజు రావాలె, మొత్తం ఎంతైతది అని.

అత్త మాటల్లో రెండు విషయాలు ఉన్నాయి. మొదటిది, పండ్లు సోకు అనుకోవడం. అది సోకు కాదు. కండ్లద్దాల లెక్కనే అది ఒక పనిముట్టు. ఇంట్లో మగవాళ్ళ అవసరం ముందు కనబడుతుంది. ఆడవాళ్ళ అవసరం చివరికి పోతుంది. ఆడవాళ్ళు తామే దాన్ని వెనక్కి నెడతారు.

రెండోది కూలి సంగతి. ఇది నిజమైన కష్టం. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ దిక్కు ఎంతోమంది ఆడవాళ్ళు బీడీలు చేస్తారు. వెయ్యి బీడీల లెక్కన కూలి వస్తుంది. చేయి ఆగితే కూలి ఆగుతుంది. పత్తి ఏరే వాళ్ళ సంగతీ అంతే. కాబట్టి పని తక్కువగా ఉండే నెలలు చూసుకోవాలి. తేదీలు ముందే అడిగి రాసుకోవాలి. మనకు ఇప్పుడు రాయడం వచ్చు కదా!

పండ్లు ఎందుకు ఊడతాయి?

"ముసలితనం వస్తే పండ్లు ఊడుతయి" అంటారు. వయసు ఒక్కటే కారణం కాదు. 80 ఏండ్లకు కూడా సొంత పండ్లతో నమిలేవాళ్ళు ఉన్నారు.

పండ్లు ఊడడానికి ముఖ్య కారణాలు రెండు. ఒకటి, పుచ్చిపోవడం. రెండు, చిగుళ్ళ జబ్బు. పండ్ల మొదట్లో గార పడుతుంది. గార కింద చిగురు వాస్తుంది. రక్తం వస్తుంది. లోపల ఎముక తగ్గుతుంది. గట్టి పన్ను కూడా కదులుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు ఈ జబ్బు తొందరగా ముదురుతుంది. తంబాకు నమిలేవాళ్ళకు, పండ్లకు తంబాకు పొడి రుద్దేవాళ్ళకు కూడా అంతే.

బొగ్గు, ఇటుక పొడి పండ్లను అరగదీస్తాయి. యాప పుల్ల మంచిదే. కాని మెత్తగా నమిలి, చిగుళ్ళు గీరుకోకుండా తోముకోవాలి. మెత్తని బ్రష్షు, పేస్టు ఇంకా మేలు. పొద్దున ఒకసారి, రాత్రి పండుకునే ముందు ఒకసారి తోమాలి.

"పై పన్ను తీస్తే కండ్లు పోతయి" అని కొందరు భయపడతారు. అది నిజం కాదు. కంటి చూపు నరం వేరు. పంటి నరం వేరు. ఆ భయంతో చీము పట్టిన పన్నును నోట్లోనే ఉంచుకుంటే జబ్బు ముదురుతుంది.

ఇంకో మాట. "సెట్టు పెట్టుకుంటం గద, ఉన్నయన్ని పీకుండ్రి" అనవద్దు. పుచ్చిన పన్నును చాలాసార్లు బాగు చేయవచ్చు. సొంత పన్నుకు సాటి లేదు. నాలుగు గట్టి పండ్లు మిగిలినా అవి సెట్టుకు ఆసరా ఇస్తాయి.

సెట్టు ఎన్ని రకాలు?

1. మొత్తం సెట్టు. పై పండ్లు, కింది పండ్లు అన్నీ పోయినవాళ్ళకు ఇది కడతారు. తీసి పెట్టుకోవచ్చు.

2. సగం సెట్టు. కొన్ని పండ్లు పోయినవాళ్ళకు ఇది. దీన్ని కూడా తీసి పెట్టుకోవచ్చు. పక్క పండ్లకు చిన్న కొక్కాలతో ఆనుతుంది.

3. బ్రిడ్జి. అంటే వంతెన. వాగుకు రెండు గట్లు ఉంటే వంతెన కట్టవచ్చు. అట్లనే ఖాళీకి రెండు వైపులా గట్టి పండ్లు ఉండాలి. వాటిని కొంచెం అరగదీసి పైన తొడుగు వేస్తారు. ఇది తీసేది కాదు.

4. ఇంప్లాంటు. దవడ ఎముకలో టైటానియం అనే లోహపు మర బిగిస్తారు. దాని మీద పన్ను నిలుపుతారు. స్వీడన్ దేశపు డాక్టరు బ్రోన్‌మార్క్ 1965లో మొదటిసారి ఒక మనిషికి ఇట్ల చేశాడు. దీనికి ఖర్చు ఎక్కువ. ఎముక బాగుండాలి. షుగర్ అదుపులో ఉండాలి.

ఎవరికి ఏది సరిపోతుందో నోరు చూసిన తర్వాతే డాక్టరు చెప్పగలరు. పక్కింటామెకు పెట్టిందే మనకూ పెట్టాలని లేదు.

సెట్టు ఎట్ల తయారవుతుంది?

ఆదిలాబాద్ జిల్లాలో ఓజా కులం వాళ్ళు డోక్రా బొమ్మలు చేస్తారు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బొమ్మను ముందు మైనంతో చేస్తారు. దాని మీద మట్టి మెత్తుతారు. కాలిస్తే మైనం కరిగి పోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. మైనం ఎట్ల ఉంటే ఇత్తడి అట్ల వస్తుంది.

పండ్ల సెట్టు పని కూడా ఇట్లనే ఉంటుంది.

మొదటిసారి: డాక్టరు నోరంతా చూస్తారు. పుండ్లు, తెల్ల మచ్చలు ఉన్నాయా చూస్తారు. పనికిరాని పండ్లు, మిగిలిన వేర్లు తీస్తారు. చిగుళ్ళు మానడానికి కొన్ని వారాలు ఆగాలి. కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

రెండోసారి: చిగుళ్ళ అచ్చు తీస్తారు. మెత్తటి ముద్దను ఒక పళ్ళెంలో పెట్టి నోట్లో అదిమి పట్టుకుంటారు. కొంచెం సేపట్లో అది గట్టిపడుతుంది. వాంతి వచ్చినట్లు ఉంటే ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చాలి. ఆ అచ్చులో జిప్సం పొడి కలిపి పోస్తే మన చిగుళ్ళ బొమ్మ వస్తుంది.

మూడోసారి: మైనపు దిమ్మెలు నోట్లో పెట్టి కొలత చూస్తారు. పై దవడ, కింది దవడ ఎక్కడ కలుస్తాయి? పెదవులు మూసుకుంటున్నాయా? ఈ కొలత తప్పితే ఎంత మంచి సెట్టు అయినా నమలరాదు.

నాలుగోసారి: మైనంలో పండ్లు గుచ్చి నోట్లో పెట్టి చూపిస్తారు. ఇది చాలా ముఖ్యమైన రోజు. అద్దం అడగండి. నవ్వి చూడండి. మాట్లాడి చూడండి. పండ్లు మరీ పెద్దగా ఉన్నాయా? తెల్లగా ఉన్నాయా? వంకర ఉన్నాయా? ఆ రోజే చెప్పండి. మైనాన్ని మార్చవచ్చు. గట్టిపడిన తర్వాత మార్చడం కష్టం. "డాక్టరు ముంగట నేనేం మాట్లాడుత" అని ఊరుకోవద్దు. నోరు మీది.

తర్వాత ఆ మైనం తీసేసి, దాని చోట యాక్రిలిక్ అనే పదార్థం నింపి వేడి నీళ్ళలో ఉడికిస్తారు. అది చిగురు రంగులో ఉంటుంది. చల్లారిన తర్వాత నునుపు చేస్తారు.

అయిదోసారి: సెట్టు నోట్లో పెడతారు. గుచ్చుకునే చోట అరగదీస్తారు. ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు పోవాల్సి ఉంటుంది.

ఇన్నిసార్లు ఎందుకు తిప్పుతారని కోపం వస్తుంది. గాజులు కొనేటప్పుడు చేతి కొలత చూస్తాం. జాకెట్టు కుట్టించుకుంటే కొలత ఇస్తాం. నోటి కొలత అంతకంటే సున్నితం. ఒక్క గీత తేడా వచ్చినా పుండు పడుతుంది.

కట్టుడు పండ్లు కొత్తవి కావు. జపాన్ దేశంలో 1538లో చనిపోయిన ఒక బౌద్ధ సన్యాసిని చెక్కతో చేసిన పండ్ల సెట్టు వాడింది. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1789లో పదవి చేపట్టేనాటికి ఆయన నోట్లో ఒకే ఒక్క సొంత పన్ను ఉండేది. ఏనుగు దంతం లాంటి వాటితో చేసిన సెట్టు పెట్టుకునేవాడు. అది ఆయనను చాలా బాధ పెట్టింది. 1850 తర్వాత గట్టి రబ్బరుతో సెట్లు వచ్చాయి. యాక్రిలిక్ సెట్లు 1930ల చివర వచ్చాయి. దేశాధ్యక్షుడికి దొరకని సుఖం నేడు కూలి చేసుకునే అక్కకు కూడా దొరకవచ్చు. కొలత సరిగా ఉంటే చాలు.

అంగట్లో పండ్లు కట్టేవాళ్ళు

అంగడిలో, జాతరలో, బస్టాండు పక్కన కొందరు పండ్లు కడతామంటారు. "అర్ధగంటల అయిపోతది, తక్కువల కడత" అంటారు. ఒక పొడి, ఒక నీళ్ళమందు కలిపి ముద్ద చేస్తారు. దాన్ని నోట్లోనే పెట్టి, పక్క పండ్లకు అంటించి, పన్ను నిలుపుతారు. తీగతో కట్టేవాళ్ళు కూడా ఉన్నారు.

అప్పుడు బాగానే కనబడుతుంది. తర్వాత ఏమవుతుంది?

ఆ ముద్ద నోట్లో గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. చిగురు కాలుతుంది. అది తీసి కడిగే వీలు ఉండదు. దాని కింద మెతుకులు ఇరుక్కొని కుళ్ళుతాయి. నోరు వాసన వస్తుంది. చిగురు వాచి చీము పడుతుంది. ముద్ద అంటిన మంచి పండ్లు కూడా కదులుతాయి. ఒక పన్ను కట్టించుకోబోతే నాలుగు పండ్లు పోతాయి. ఒక సూదిని, ఒక పనిముట్టును కడగకుండా అందరి నోట్లో పెడితే కామెర్లు తెచ్చే క్రిములు అంటుకోవచ్చు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. కదిలే పన్ను వెనక పుండు ఉండవచ్చు. ఆ పుండు కాన్సరు కావచ్చు. చదివిన డాక్టరు దాన్ని గుర్తుపడతారు. అంగట్లో కట్టేవాళ్ళు దాని మీదనే పన్ను కడతారు.

మన దేశంలో దంత వైద్యం చదువు ఎప్పుడు మొదలైంది? 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో దంత వైద్య కళాశాల పెట్టాడు. 1948లో దంత వైద్యుల చట్టం వచ్చింది. చదివి, రిజిస్టరు అయినవాళ్ళే పండ్ల వైద్యం చేయాలని ఆ చట్టం చెప్పింది. దాని బదులు 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. నియమం మాత్రం అదే. డాక్టరు గదిలో గోడ మీద రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది. అది చదవండి. లేకుంటే అడగండి. అడగడం తప్పు కాదు.

మొదటి నెల

కొత్త చెప్పులు కూడా నాలుగు రోజులు కరుస్తాయి. కొత్త సెట్టు కూడా అంతే. నోట్లో ఏదో నిండినట్లు ఉంటుంది. ఉమ్మి ఎక్కువ వస్తుంది. కొన్ని వారాలలో అలవాటు అవుతుంది.

మొదట మెత్తటి తిండి తినండి. చిన్న ముక్కలు చేసుకోండి. రెండు వైపులా నమలండి. ఒక్క వైపే నమిలితే సెట్టు లేస్తుంది. ముందు పండ్లతో కంకి, చెరుకు కొరకవద్దు. పై సెట్టు గట్టిగా పట్టుకుంటుంది. కింది సెట్టు కొంచెం కదులుతుంది. నాలుక కదిలితే అదీ కదులుతుంది. మెల్లగా నాలుకే దాన్ని పట్టుకోవడం నేర్చుకుంటుంది.

పుండు పడితే సెట్టును ఇంట్లో కత్తితో, గీరుడు రాయితో అరగదీయవద్దు. డాక్టరు దగ్గరికి పోండి. పోయే రోజు కొంచెం సేపు సెట్టు పెట్టుకొని పోండి. ఎక్కడ ఒత్తుతున్నదో అప్పుడే డాక్టరుకు తెలుస్తుంది. చాలామంది ఒత్తుతుందని సెట్టును తీసి డబ్బాలో దాచేస్తారు. పెట్టిన పైసలు అప్పుడే దండుగ అవుతాయి.

మాట సరిగా రావడానికి డాక్టర్లు ఒక మందు చెబుతారు. అది మాత్ర కాదు. బిగ్గరగా చదవడం! రోజూ కొంచెం సేపు ఏదైనా పైకి చదవాలి. తడబడిన మాటను మళ్ళీ మళ్ళీ అనాలి. చదువు నేర్చినవాళ్ళకు ఈ మందు ఇంట్లోనే ఉంది.

రోజూ చేయాల్సిన పని

1. అన్నం తిన్న తర్వాత సెట్టు తీసి కడగాలి. నోరు పుక్కిలించాలి.

2. కడిగేటప్పుడు కింద నీళ్ళ గిన్నె పెట్టుకోవాలి. లేదా తువ్వాల పరచుకోవాలి. బండ మీద పడితే పగులుతుంది.

3. మెత్తని బ్రష్షు, మామూలు సబ్బు చాలు. బూడిద, బొగ్గు, ఇసుక వద్దు. గీతలు పడి మురికి పడుతుంది.

4. సలసల కాగే నీళ్ళు వద్దు. సెట్టు వంకర పోతుంది.

5. రాత్రి సెట్టు తీసి చల్లని నీళ్ళలో వేయాలి. చిగుళ్ళకు కూడా విశ్రాంతి కావాలి. సగం సెట్టు చిన్నదైతే నిద్రలో గొంతులోకి జారే ప్రమాదం ఉంది. గిన్నె మీద మూత పెట్టండి. పిల్లలకు అందకుండా పెట్టండి.

6. చిగుళ్ళను, నాలుకను తడి గుడ్డతో తుడవాలి.

7. సెట్టు పగిలితే మనం అంటించవద్దు. అంటించే గమ్ము నోట్లోకి పోతుంది. కొలత కూడా మారుతుంది. ముక్కలన్నీ దాచి డాక్టరుకు ఇవ్వండి.

8. ఏదైనా ఆపరేషన్ ఉంటే, మత్తు ఇచ్చే ముందు "నాకు సెట్టు ఉంది" అని చెప్పాలి. తీసి పెట్టాలి.

ఎముక తగ్గుతూ ఉంటుందని చదివాం కదా. అందుకే కుదిరిన సెట్టు కూడా కొన్నేండ్లకు వదులు అవుతుంది. ఏడాదికి ఒకసారి చూపించుకోండి. లోపలి వైపు కొత్త పొర వేసి బిగువు చేయవచ్చు. లేకుంటే కొత్తది కట్టించుకోవాలి. ఒకరి సెట్టు ఇంకొకరికి పనికి రాదు.

పండ్ల కోసమే కాదు

నోట్లో పెట్టే పలకలు ఇంకా కొన్ని జబ్బులకు కూడా ఉపయోగపడతాయి.

కొందరు పిల్లలు పై పెదవి చీలి, అంగిలి చీలి పుడతారు. దీన్ని మనం 'గ్రహణం మొర్రి' అంటాం. గ్రహణం నాడు తల్లి బయటికి వచ్చినందుకు ఇట్ల అయిందని తల్లిని తిడతారు. అది తప్పు. తల్లి కడుపులో మొదటి మూడు నెలల లోపే పెదవి, అంగిలి కలవాలి. అవి కలవకపోతే చీలిక మిగులుతుంది. గ్రహణానికి, దానికి సంబంధం లేదు. తల్లి చేసిన తప్పు లేదు.

అంగిలి చీలితే పాలు ముక్కులోకి వస్తాయి. బిడ్డను నిటారుగా పట్టుకొని కొద్దికొద్దిగా పట్టాలి. కొందరు బిడ్డలకు పండ్ల డాక్టరు అచ్చు తీసి చిన్న పలక చేస్తారు. అది అంగిలిని మూస్తుంది. బిడ్డకు పాలు తాగడం సులువు అవుతుంది. తర్వాత ఆపరేషన్ చేస్తారు. పెదవికి సాధారణంగా 3 నుంచి 6 నెలల వయసులో చేస్తారు. అంగిలికి 9 నుంచి 18 నెలల మధ్య చేస్తారు. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. ఆ పథకం డాక్టర్లు చూసే లోపాలలో ఇది కూడా ఉంది. ఆశ కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును అడగండి.

2021లో కరోనా తర్వాత కొందరికి నల్ల ఫంగస్ జబ్బు వచ్చింది. షుగర్ ఉన్నవాళ్ళకు ఎక్కువగా వచ్చింది. హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆస్పత్రి ఆ జబ్బుకు ముఖ్య కేంద్రంగా పని చేసింది. కొందరి పై దవడను తీసేయాల్సి వచ్చింది. పై దవడ పోతే తిన్నది ముక్కులోకి వస్తుంది. మాట ముక్కులోంచి వస్తుంది. కాన్సరుకు దవడ తీసినవాళ్ళకు కూడా ఇట్లనే అవుతుంది. అట్లాంటివాళ్ళకు పండ్లతో కలిపి ఒక మూత పలక చేస్తారు. అది రంధ్రాన్ని మూస్తుంది. మనిషి మళ్ళీ నలుగురిలో కూర్చొని తింటాడు, మాట్లాడుతాడు.

కాన్సరు ముదరక ముందే గుర్తుపట్టడం ఇంకా మేలు. పుండు రెండు మూడు వారాలకు మానకపోతే, తెల్ల మచ్చ గాని ఎర్ర మచ్చ గాని ఉంటే, నోరు పూర్తిగా తెరవరాకపోతే వెంటనే చూపించుకోవాలి. తంబాకు నమిలేవాళ్ళు నెలకు ఒకసారి అద్దంలో నోరు చూసుకోవాలి.

ఎక్కడికి పోవాలి?

ముందు మీకు దగ్గరి సర్కారు పెద్ద దవాఖానాలో పండ్ల డాక్టరును అడగండి. ఆదిలాబాద్‌లో రిమ్స్ ఆస్పత్రి ఉంది. ఆ వైద్య కళాశాల 2008లో మొదలైంది. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గర, ఉస్మానియా దవాఖానా పక్కన ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అక్కడ పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో సెట్లు కడతారు. కాన్సరు అనుమానం ఉంటే హైదరాబాద్‌లో సర్కారు ఎం.ఎన్.జె. కాన్సర్ ఆస్పత్రి ఉంది.

దూరం నిజమే. కరీంనగర్ నుంచి హైదరాబాద్ దాదాపు 160 కిలోమీటర్లు. ఆదిలాబాద్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్ళకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు పైసలు లేవు. గుర్తింపు కార్డు వెంట పెట్టుకోవాలి. సంఘంలో ఇద్దరు ముగ్గురికి ఇదే అవసరం ఉంటే కలిసి పోండి. ఒకరికి ఒకరు తోడు ఉంటారు. ఒకరు మరిచిన మాట ఇంకొకరు అడుగుతారు.

పోయే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

నాకు షుగర్, బీపీ ఉన్నాయా? ఏ మందులు వాడుతున్నాను?
మిగిలిన పండ్లను కాపాడవచ్చా?
నాకు ఏ రకం సెట్టు సరిపోతుంది? ఇక్కడే కడతారా?
ఎన్నిసార్లు రావాలి? ఏ తేదీల్లో రావాలి?
మొత్తం ఖర్చు ఎంత? సరిచేయడానికి మళ్ళీ ఇవ్వాలా?

జవాబులు కూడా ఆ కాగితం మీదనే రాసుకోండి. లేదా డాక్టరునే రాయమని అడగండి. ఇంటికి వచ్చి చదువుకోండి.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో పండ్లు లేక ఏదైనా తిండి మానేసినవాళ్ళు ఉన్నారా? ఏమేమి మానేశారు?
2. కండ్లద్దాలు అవసరం, పండ్లు సోకు అని ఎందుకు అనుకుంటాం?
3. అంగట్లో పండ్లు కట్టించుకుంటే వచ్చే నష్టాలు మూడు చెప్పండి.
4. గ్రహణం మొర్రితో బిడ్డ పుడితే తల్లిని తిట్టడం ఎందుకు తప్పు?

చదవండి, రాయండి

దంతం – దవడ – చిగురు – అచ్చు – మైనం – కొలత – సెట్టు

ఈ మాటలతో ఒక్కొక్క వాక్యం రాయండి. రాసింది పక్కవాళ్ళకు వినబడేటట్లు పైకి చదవండి. కొంగు అడ్డం పెట్టుకోవద్దు.